అడ్వాన్స్ వెనక్కి వస్తాదా?



మాది మైపాడు. యానాదులం. మా ఇంట్లో అడ్వాన్స్ అంటే భయం. మా తాత రొయ్యల గుంట యజమాని దగ్గర అడ్వాన్స్ తీసుకుని, అది తీరక ఏళ్ళ తరబడి అక్కడే కాపలా ఉన్నాడు. వెట్టిని 1976లోనే చట్టం చేసి రద్దు చేశారని ఆయనకి ఎవరూ చెప్పలేదు.

పోయినేడు హాస్టల్ సీటు ఆలస్యమైతే నెల్లూరులో ముగ్గురం గది తీసుకున్నాం. ఈసారి అడ్వాన్స్ ఇచ్చింది మేము. ఆరు వేలు. ఖాళీ చేసినాక ఓనరు "పెయింట్‌కే సరిపోయింది" అన్నాడు. బిల్లు అడిగితే "రేపు రా". నాలుగుసార్లు తిరిగా.

"వదిలెయ్ అబ్బయ్యా, ఇల్లు గలోళ్ళతో మనకెందుకు" అన్నాడు నాయన. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తాత తీసుకున్నదానికి పైసాతో సహా లెక్క కట్టారే, మేమిచ్చినదానికి లెక్క ఎందుకు లేదు?

కాలేజీకి వచ్చిన లాయర్ మేడమ్ చెప్పారు: 1987 న్యాయసేవల చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీలకి ఆదాయంతో పనిలేకుండా లాయర్ సాయం ఉచితం. 15100కి ఫోన్ చెయ్యొచ్చు, లేదంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అర్జీ పెట్టొచ్చు.

ఫోన్‌పే రసీదు, ఖాళీ చేసిన రోజు తీసిన గోడల ఫోటోలు జతచేసి ఓనరుకి ఉత్తరం రాశా. పదిహేను రోజుల్లో ఇవ్వకపోతే అర్జీ పెడతానన్నా. పన్నెండో రోజు ఐదు వేలు వచ్చాయి. ఇంకో వెయ్యి రావాలి, అడుగుతా.

మీరు గదిలో దిగే రోజే ఫోటోలు తీసుకోండి. అడ్వాన్స్ ఎంతో, ఎప్పుడు తిరిగిస్తారో కాగితం మీద రాయించుకోండి.

నా వాటా డబ్బులు చేతిలో పెడితే నాయన రెండుసార్లు లెక్కపెట్టి, "అడ్వాన్స్ వెనక్కి కూడా వస్తాదా?" అన్నాడు.