కటాఫ్‌కి రెండు తక్కువ

క్లినిక్‌లో రిసెప్షనిస్ట్ ఓ కాగితం, పెన్ను ఇచ్చి "ఇది నింపండి సార్, మేడమ్ పిలుస్తారు" అంది. చూడగానే నవ్వొచ్చింది. ముందురోజు రాత్రి ఫోన్‌లో చూసిన ఫారమే! పేరు పీహెచ్‌క్యూ-9. గత రెండు వారాల్లో నిద్ర, ఆకలి, ఆసక్తి, దిగులు... ఇలా తొమ్మిది ప్రశ్నలు. ఒక్కోదానికి 0 నుంచి 3. మొత్తం 27. సాధారణంగా 10 వచ్చిందంటే డిప్రెషన్ ఉందేమోనని అనుమానిస్తారు.

ఇంజినీరింగ్ చదివినోడికి కటాఫ్ ముందే తెలిస్తే ఇంకేం చేస్తాడు? 8కి సెట్ చేశా.

నిజానికి నెలన్నరగా తెల్లవారుజామున మూడింటికే మెలకువ. ఆఫీస్ కాల్స్‌లో కెమెరా ఆఫ్. అమ్మ ఫోన్ చేస్తే "మీటింగ్‌లో ఉన్నానమ్మా" అని పెట్టేసేవాణ్ని, ఆదివారం కూడా. క్లినిక్‌కి వెళ్లింది కూడా రూమ్మేట్ పోరు పడలేకే.

డాక్టర్ గారికి మా పెద్దమ్మ వయసుంటుంది. మార్కులు కూడి, పేజీ అడుక్కి చూశారు. అక్కడ మార్కుల్లేని ప్రశ్న ఒకటుంది. వీటివల్ల పనికి, ఇంటి వ్యవహారాలకి, మనుషులతో మెలగడానికి ఎంత కష్టమవుతోంది అని. 'చాలా కష్టం' దగ్గర టిక్ పెట్టేశా. మార్కుల్లేవు కదా, జాగ్రత్తపడలేదు.

"ఎనిమిదికే ఇంత కష్టమా బాబూ?" అన్నారు.

దొరికిపోయా. ఆవిడ కాగితం పక్కనపెట్టి ముప్పావుగంట మాట్లాడారు. ఎప్పట్నుంచి, ఇంట్లో ఎవరికైనా ఉందా, మందు తాగుతావా, నిద్ర లేకపోయినా విపరీతమైన హుషారుగా ఉన్న రోజులున్నాయా (బైపోలార్ కాదు కదా అని చూస్తారట). థైరాయిడ్ టెస్ట్ కూడా రాశారు. చచ్చిపోతే బాగుండు అనిపిస్తోందా అనే తొమ్మిదో ప్రశ్నని మాత్రం నా కళ్లలోకి చూస్తూ మళ్లీ అడిగారు. కాగితం మీద సున్నా పెట్టా. ఆవిడకి నిజం చెప్పా.

(మీ పెన్ను కూడా అక్కడ ఆగితే టెలి మానస్ 14416కి చేయండి. ఏ టైమ్‌లో అయినా ఫర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.)

షుగర్‌కి ఉన్నట్టు డిప్రెషన్‌కి రక్తపరీక్ష లేదు. అమెరికా సైకియాట్రిస్టుల డీఎస్ఎం పుస్తకంలోనూ ఇలాంటి లెక్కే. తొమ్మిది లక్షణాల్లో ఐదు, కనీసం రెండు వారాలు, అందులో దిగులో, ఆసక్తి పోవడమో తప్పనిసరి. అచ్చం ఇఫ్-ఎల్స్ కోడ్. నాలుగే ఉన్నవాడు బాగున్నట్టా అని నాకిప్పటికీ చిరాకే. కానీ దానికో పేరు పెట్టాక, 'నేనో బద్ధకస్తుణ్ని' అని నన్ను నేను తిట్టుకోవడం తగ్గింది.

వచ్చేముందు ఫారం మళ్లీ నింపించారు. 17.

బయటికొచ్చి, బైక్ తీయకుండానే అమ్మకి ఫోన్ చేశా.

"ఏంట్రా, మీటింగ్ లేదా ఇవాళ?" అంది.