వేషపరీక్ష

పరీక్షలు పెట్టుటయు, పత్రములు దిద్దుటయు, ఫలితములు చెప్పుటయు మా వృత్తి. ఇరువదేండ్లకు పైగా గుంటూరు సీమలోని ఒక ఉన్నత పాఠశాలలో పిల్లలను బల్లలమీద వరుసగా కూర్చుండబెట్టి పరీక్షించుచునే యున్నాము గాని, మేము స్వయముగా పరీక్షకు నిలుచుట మఱచి చాలకాలమైనది. కడచిన వేసవిలో ఓర్లాండో పట్టణమున మా తమ్ముని యింట, తలకు ఒక కాగితపు సంచి తగిలించుకొని, పందొమ్మిదేండ్ల పిల్లయెదుట మరల పరీక్షకు నిలిచితిమి. నిలిచి తప్పితిమి. ఆ తప్పుట యెట్టిదో చదువరులకు నివేదించుటయే యీ వ్యాసమునకు ప్రయోజనము.

మా తమ్ముడు అమెరికాకు పోయి ఇరువదియైదేండ్లు కావచ్చినది. ఈయేడు సెలవులకు మమ్ము పట్టుబట్టి పిలిపించుకొనెను. పిలుపులోని రహస్యము విమానాశ్రయమునుండి యింటికి పోవు త్రోవలోనే బయటపడినది.

"అన్నయ్యా, అది ఎవరి మాటా వినదు. నీ మాట వింటుంది. కాలేజీలో రెండో ఏడు. సెలవుల్లో ఏదైనా ఆఫీసులో పని నేర్చుకోవే అంటే, పార్కులో వేషం వేస్తానంటుంది. ఎలుగుబంటి వేషం! మొహం కూడా కనపడదు. ఊళ్ళో వాళ్ళు అడిగితే ఏం చెప్పను?"

సముద్రములు దాటినను ఆ 'ఊళ్ళోవాళ్ళు' మా తమ్ముని విడువలేదు. మాకు లోలోపల నవ్వు వచ్చెను గాని, హితోపదేశము చేయుమని ఉపాధ్యాయుని అడుగుట ఆకలిగొన్నవానిని భోజనమునకు పిలుచుట వంటిది. వెంటనే ఒప్పుకొంటిమి. ఏమేమి చెప్పవలెనో కారులోనే క్రమముగా అమర్చుకొంటిమి.

ఇట్టి విహారవనములనుగూర్చి ఇచట కొంత చెప్పవలసియున్నది. 1955 జూలై 17వ తేదీన కాలిఫోర్నియాలోని అనాహైమునందు డిస్నీల్యాండు తెఱచిననాడు, అంతవఱకు తెరమీద ఆడిన ఎలుకయు, బాతును మనుష్యుల నడుమకు నడచివచ్చినవి. ఆనాటి వేషములు 'ఐస్ కపేడ్స్' అను మంచుపై ఆటల సంఘమువారివద్ద ఎరవు తెచ్చినవి. 1971 అక్టోబరు 1వ తేదీన ఓర్లాండో సమీపమున వాల్ట్ డిస్నీ వరల్డు వెలసెను. తరువాత టోక్యోలో 1983న, పారిస్ చెంత 1992న, హాంగ్‌కాంగులో 2005న, షాంఘైలో 2016న అట్టివే వెలసినవి. ఈ మార్గమునే ఇతర సంస్థలును అనుసరించినవి. వేషములు రెండు తెగలు. రాకుమార్తెలవంటి వేషములలో ముఖము కనబడును, వారు మాటలాడవచ్చును. జంతువుల వేషములలో తల మొదలు పాదములవఱకు కప్పబడియుండును. వారు సాధారణముగా నోరు మెదపరాదు. పిల్లలు పుస్తకము చాచినచో సంతకము చేయవలెను. ఆ సంతకము సయితము నేర్చుకొనవలసినదే. నేటి ఎలుక చేవ్రాలును, రేపటి ఎలుక చేవ్రాలును ఒక్కరీతిగా నుండవలెను గదా! డిస్నీవారి వనములలో పనిచేయువారు వెలుపల 'నేను ఫలానా పాత్రను' అని చెప్పుకొనరు. 'ఆ పాత్రకు స్నేహితుడను' అని మాత్రమే చెప్పుదురు.

మా పిల్ల వెళ్ళదలచిన వనము పేరు మాకు ఇచట అవసరములేదు. పరీక్షావిధానమును మాత్రము ఆమె మాకు విశదముగా చెప్పెను. మొట్టమొదట ఎత్తు కొలుతురు. వేషము ముందుగనే కుట్టబడియుండును గనుక మనిషియే వేషమునకు సరిపోవలెను. కొన్ని వేషములకు అయిదడుగులు మించినవారు పనికిరారు, కొన్నిటికి ఆరడుగులవారే కావలెను. పిదప వక్షమున అంకె అంటించి వరుసగా నిలుపుదురు. నిద్ర లేచుట, పండ్లు తోముకొనుట, వంటచేయుట మొదలగు పనులను మాట లేకుండ శరీరముతోనే చూపుమందురు. కొన్ని నాట్యపు అడుగులు అప్పటికప్పుడు నేర్పి గుంపులుగా ఆడింతురు. ఒక్కొక్క ఘట్టము ముగియగానే కొన్ని అంకెలు చదువుదురు. అంకె వినబడనివారు ఇంటికి పోవలెను. కారణము చెప్పరు. మార్కులజాబితా లేదు. మా పరీక్షలే దయగలవని తోచినది.

"నీవు చదువుచున్నది ఇంజనీరింగు. ఇది విద్యగా నెన్నదగినదా?" అని మేము ఆరంభించితిమి.

ఆమె కోపపడలేదు. "పెదనాన్నా, మీరు ముందు ఒక్కసారి చేసి చూడండి. తరవాత మీరేం చెప్పినా వింటాను" అని వంటింటిలోనికి పోయి, కూరగాయలు తెచ్చిన కాగితపు సంచి యొకటి తెచ్చెను. కన్నులకు రెండు రంధ్రములు చేసి, సిరాతో పెద్ద నవ్వొకటి గీసెను. మా తలకు తగిలించెను. "ఒక చిన్న పాప మిమ్మల్ని చూసి భయపడి ఏడుస్తోంది. మీరు మాట్లాడకూడదు. మీ మొహం కనపడదు. ఏడుపు ఆపండి" అనెను.

చేతులు చాచి, తల ఆడించుచు, ప్రేమతో ముందుకు నడచితిమి. ప్రేమ మా ముఖమున నిండియుండెననుటకు సందేహములేదు. కాని ముఖము సంచిలోనున్నది. "పాప పారిపోయింది పెదనాన్నా" అని ఆమె పకపక నవ్వెను. మా మరదలు నవ్వు నాపుకొనుటకు ఆవలి గదిలోనికి పోయెను.

అప్పుడు ఆమె ఆ సంచిని తాను తగిలించుకొనెను. ముందుకు రాలేదు, రెండడుగులు వెనుకకు పోయెను. మోకాళ్ళపై కూర్చుండి పాప యెత్తునకు దిగెను. ఎదురుగా చూడక ప్రక్కకు తిరిగెను. రెండు చేతులతో ఆ కాగితపు ముఖమును కప్పుకొని, తానే పాపకు వెఱచినట్లు భుజములు ముడుచుకొని, వ్రేళ్ళసందునుండి ఒక్కమాఱు తొంగిచూచెను. ఆ సిరాగీత అటులనే యున్నది. అయినను ఆమె తల వంచగానే ఆ నవ్వు బెంగగా మారినది, ఎత్తగానే ఆశగా మారినది. వాకిట నిలిచియున్న మా తమ్ముడు ఏమియు పలుకక లోపలికి పోయెను.

మేము సంస్కృతము చదివినవారము. ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని అభినయము నాలుగు విధములని తడుముకొనకుండ చెప్పగలము. నందికేశ్వరుని 'అభినయదర్పణము'న శిరోభేదములు తొమ్మిదని, దృష్టిభేదములు ఎనిమిదని వల్లించియున్నాము. ఆ గ్రంథమును ఆనంద కుమారస్వామిగారును, మన దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారును కలిసి ఇంగ్లీషు చేయగా, 1917లో ఆ అమెరికా దేశమునందే అచ్చుపడినదనియు ఎఱుగుదుము. ఇంత తెలిసియు ఒక పసిదాని యేడుపు మాన్పలేకపోతిమి. వాచికము పోయి, ముఖము పోయి, ఆహార్యమంతయు మీదపడినప్పుడు, మిగిలిన ఒక్క ఆంగికముతో లోపలి మనస్సును వెలికి తెచ్చుట సామాన్యవిద్య కాదని ఆ కాగితపు సంచి మాకు నేర్పినది.

ఆ రాత్రి మాకు నిద్రపట్టలేదు. సిగ్గుచేత కాదు, ఒక బాలుడు జ్ఞప్తికి వచ్చినందున.

పదునైదేండ్ల క్రిందటిమాట. మా పాఠశాలలో ఎనిమిదవ తరగతి చదువుచుండిన ఆ బాలునిది పగటివేషములవారి కుటుంబము. పంటలు ఇండ్లకు చేరినపిదప తండ్రి మేళముతో ఊరూర తిరుగుటకు బడి మానెడివాడు. వారు ఒక్కొక్క యూర కొన్నిదినములు నిలిచి, సోమయాజులు సోమిదేవమ్మ, ఫకీరు మొదలగు వేషములు దినమునకొకటి కట్టి, కడపటనాడు ఇంటింటికి పోయి సంభావన యడుగుదురు. ఒకనాడు ఆ బాలుడు చాలదినములకు తరగతికి వచ్చెను. చెవి వెనుక నీలిరంగు పూర్తిగా కడుగుకొనలేదు. మేము అతనిని అందఱియెదుట నిలిపి, "వేషము కావలెనా, చదువు కావలెనా? ఏదో యొకటి చెప్పుము" అంటిమి. తరగతియంతయు నవ్వెను. అతడు బదులు చెప్పక చెవి తుడుచుకొనెను. మఱునాటినుండి బడికి రాలేదు.

చిన్నపిల్లవానిని యాచకవృత్తినుండి తప్పించి విద్యకు మరల్పవలెనని మా యుద్దేశము. అది సంస్కారమనియే నమ్మితిమి. కాని తరగతి నవ్వినప్పుడు మేమును చిఱునవ్వు నవ్వితిమి. అది మాకు బాగుగ జ్ఞప్తియున్నది. బడి మానుట తప్పని చెప్పుట వేఱు. తండ్రి విద్య హీనమని పదిమందిలో చెప్పుట వేఱు. మొదటిది చెప్పవలసినవారము, రెండవది చెప్పితిమి. రెండును కలుగునట్లు సెలవుల యేర్పాటో, విడిగా పాఠము చెప్పుటయో చేయవచ్చునని మాకు ఆనాడు తోచనేలేదు.

పరీక్షదినమున పిల్లను మేమే వెంటబెట్టుకొని పోయితిమి. తోడువచ్చినవారిని లోపలికి రానీయలేదు. వెలుపలి సావడిలో మూడు గంటలు కూర్చుంటిమి. అప్పుడప్పుడు తలుపు తెఱచుకొనును; అంకెలు వినబడని పిల్లలు కొందఱు వెలుపలికి వత్తురు. కొందఱు నవ్వుచు, కొందఱు నేలచూపులతో వచ్చిరి. మేము దిద్దిన పత్రములలో తప్పినవారి ముఖములను మేము ఏనాడును చూడలేదని అప్పుడు తోచినది.

మా పిల్ల కడపటి గుంపుతో వచ్చెను. "ముందు రాకుమార్తెల వేషాలకి మొహాలు చూశారు పెదనాన్నా. థాంక్యూ అని పక్కకి నిలబెట్టారు. ఇప్పుడు వాళ్ళకి కావలసిన మొహం నాది కాదట. ఎలుగుబంటికి మాత్రం తీసుకున్నారు" అనెను. కొంతసేపటికి, "ముసుగులో ఉంటే నేను ఎవరినైనా కావచ్చు. ముసుగు తీస్తేనే కుదరదు" అనెను. ఆమె సంతోషించుచున్నదో, నొచ్చుకొన్నదో ఆమెకే తెలియలేదు. మాకును బదులు తోచలేదు. ఆమె చేయి పట్టుకొని కారువఱకు నడచితిమి.

ఇంట మా తమ్ముడు మావంక చూచెను. ముందు సిద్ధపఱచుకొన్న హితోపదేశము మాకడ ఒక్కముక్కయు మిగులలేదు. బదులుగా ఆమెను ప్రశ్నలడిగితిమి. ఆ ఎండలో ఆ బరువుతో ఒక్కమాఱు ఎంతసేపు నిలువవలెను? విశ్రాంతి యెంత? గంటకు జీతమెంత? దేహమునంటు లోదుస్తులు ఎవరివి వారికి ఇత్తురా? మా తమ్ముడు ఈ కడపటి ప్రశ్నకు ముఖము చిట్లించెను గాని, అది చిన్న ప్రశ్న కాదు. ఓర్లాండోలోని డిస్నీ వనమున వేషధారులు ఒకరు విడిచిన లోదుస్తులను ఉతికించి మఱియొకరు తొడుగుకొనవలసియుండెడిది. ఎవరివి వారికే యుండవలెనని వారి కార్మికసంఘము అడుగగా, 2001లో ఆ యేర్పాటునకు ఒప్పందము కుదిరినది. కాలిఫోర్నియాలోని డిస్నీల్యాండునందలి వేషధారులు, ఊరేగింపులలో ఆడువారు సుమారు 1,700 మంది 2024 మే నెలలో ఓట్లు వేసి, 258కి 953 ఓట్లతో నటుల సంఘమును తమకు ప్రతినిధిగా నెన్నుకొనిరి. లోకమునకు ఎలుక కనబడును. ఎలుకలో చెమటోడ్చు మనిషి తన్ను తానే కనబఱచుకొనవలసివచ్చినది.

"అన్నీ అడిగి, రాయించుకుని, అప్పుడు చేరమ్మా. చదువు మానకు" అని మాత్రము చెప్పితిమి. మా తమ్ముడు చాలసేపటికి, "ఊళ్ళో వాళ్ళకి ఏం చెప్పమంటావు?" అనెను. "ఎలుగుబంటికి స్నేహితురాలని చెప్పు" అంటిమి. ఆయన నవ్వెను. అంగీకరించెనని చెప్పజాలము, నవ్వెను.

ఇంటికి వచ్చినపిదప ఆ బాలుని వెదకికొని పోయితిమి. ఇప్పుడతనికి ముప్పదేండ్లు కావచ్చినవి. మా పాఠశాలకు ఎనిమిది మైళ్ళ దూరమున ఆటో నడుపుచున్నాడు. సంక్రాంతి దినములలో మాత్రము తండ్రితోకూడ వేషము కట్టునట. మమ్ము గుర్తించి లేచి నిలిచెను. నాటిమాట యెత్తి, తప్పు మాదని చెప్పితిమి. అతడు, "మీరొక్కరే అన్నారా మాస్టారూ, అందరూ అన్నారు. మీరు చదువుకున్నవారు గనక గుర్తుండిపోయింది" అనెను. ఇంతకంటె మృదువుగను, ఇంతకంటె కఠినముగను మమ్ము ఎవ్వరును మందలింపలేదు.

మా పాఠశాల పిల్లలకు వారమునకొకమాఱు అభినయము నేర్పుమని అడిగితిమి. అతడు ఆలోచించి, "డబ్బులిస్తారా మాస్టారూ, శాలువా కప్పి పంపుతారా?" అనెను. డబ్బులే యిత్తుమంటిమి. ఇట్టి పనికి సర్కారువారి లెక్కలలో పద్దు లేదు. ఉపాధ్యాయులము నలుగురము చందా వేసికొని ఇచ్చుచున్నాము.

మొదటి శనివారమున అతడు తండ్రిని గూడ తీసికొనివచ్చెను. మేము ఓర్లాండోనుండి మడచి తెచ్చుకొన్న కాగితపు సంచిని చూపితిమి. అతడు దానిని త్రిప్పి త్రిప్పి చూచి, పిల్లలందఱకు అట్టివి చేయించెను. పిదప వరుసగా నిలువుమని, మావంక తిరిగి, "మీరూ రండి మాస్టారూ" అనెను. పిల్లలు నవ్విరి. ఈమాఱు నవ్వు మామీద.

పోయి వరుస చివర నిలిచితిమి.