కాళ్లకు కాస్త గడువు ఇవ్వండి

వ్యాయామం అవసరమని ఈనాడు ఎవరికీ ప్రత్యేకించి చెప్పనక్కరలేదు. మధుమేహమో, రక్తపోటో, పెరిగిన పొట్టో ఆ పని చేస్తూనే ఉన్నది. మొదలుపెట్టినవారు ఎందుకు మానివేస్తున్నారన్నదే నా ప్రశ్న. బద్ధకంతో మానినవారు వైద్యుని వద్దకు రారు గనుక వారి సంగతి నాకు తెలియదు. నా వద్దకు వచ్చినవారిలో అధికులు కాలినొప్పితో మానినవారే.

వారిలో మొదటిరోజునే దెబ్బ తగిలించుకున్నవారు తక్కువ. నొప్పి ఆరంభమైనది సాధారణంగా మూడవ వారంలోనో, అయిదవ వారంలోనో. "మొదట్లో బాగానే ఉందండీ, ఆయాసం కూడా తగ్గింది, అందుకే దూరం పెంచాను" అని చెప్పేవారు. సగం రోగనిర్ణయం ఆ మాటలోనే ఉన్నది.

ఆయాసం తగ్గడం గుండె, ఊపిరితిత్తులు అలవాటుపడ్డాయనడానికి గుర్తు. అవి రెండు మూడు వారాలలోనే దారికి వస్తాయి. కండరాలకు అంతకంటే ఎక్కువ సమయం కావాలి. ఎముకలకూ, కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే టెండన్లకూ నెలలు పడుతుంది. ఎముక మీద కొత్తభారం పడినప్పుడు శరీరం ముందుగా పాతభాగాన్ని కొంత తొలగించి, ఆ తరువాత గట్టి ఎముకను నింపుతుంది. గోడకు పాత పెచ్చు ఊడగొట్టిన తరువాతనే కదా కొత్త పూత పూసేది! తొలగింపు వారాలలో జరిగిపోతుంది, పూడ్పునకు నెలలు కావాలి. ఈ నడుమ కాలంలో ఎముక కొంత బలహీనంగా ఉంటుంది. మన ఉత్సాహం పరవళ్లు తొక్కేదీ సరిగ్గా అప్పుడే.

ఈ సంగతి మొట్టమొదట బయటపడింది సైనికుల పాదాలలో. 1855లో బ్రైట్‌హాప్ట్ అనే ప్రష్యా సైనిక వైద్యుడు, దీర్ఘ కవాతుల తరువాత సైనికుల పాదాలు వాచి నొప్పిపెట్టడాన్ని వర్ణించాడు. కారణం ఆయనకు కనబడే వీలు లేదు. 1895లో ఎక్స్‌రే కిరణాలు కనుగొన్న రెండేళ్లకు, అవి పాదపు ఎముకలలో సన్నని పగుళ్లని తెలిసింది. అందుకే దానికి నేటికీ 'మార్చ్ ఫ్రాక్చర్' అన్న పేరున్నది.

అటువంటి పగులుతో వచ్చిన ఒక యువకుడు నాకు బాగా గుర్తు. కానిస్టేబుల్ ఉద్యోగానికి పరుగుపరీక్ష కోసం తెల్లవారుజామున తారురోడ్డు మీద, అరిగిన కాన్వాసు బూట్లతో, ఒక్కరోజు కూడా విడవకుండా పరుగెత్తాడు. నెల తిరగకముందే ముంగాలి ఎముక మీద ఒకేచోట నొప్పి. వేలితో నొక్కితే ఉలిక్కిపడ్డాడు. ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు. ఈ పగుళ్లు మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేకు చిక్కకపోవడం సహజమే. పరుగు ఆపమన్నాను. పరీక్ష తొమ్మిది రోజులలో ఉన్నది. "నొప్పి తెలియకుండా ఇంజెక్షన్ ఇవ్వండి సార్, ఆ ఒక్కరోజు గడిస్తే చాలు" అని బతిమాలాడు. నేను ఇవ్వలేదు. మరొకచోట చేయించుకున్నాడు. మైదానంలో మూడవ చుట్టులో ఎముక పూర్తిగా విరిగింది. కట్టు విప్పేనాటికి అతడు కాలిని గురించి ఏమీ అడగలేదు. మళ్లీ నోటిఫికేషన్ ఎప్పుడు వస్తుందని మాత్రం అడిగాడు. అది వచ్చేసరికి అతని వయోపరిమితి దాటిపోయింది.

మీకు అటువంటి గడువేదీ లేదు. ఉన్నదనుకుంటే అది మీ చేతిగడియారం పెట్టినదే. రోజుకు పదివేల అడుగులన్న లెక్క వైద్యగ్రంథం నుండి పుట్టలేదు. 1965లో జపానులో అడుగులు లెక్కించే ఒక పరికరాన్ని 'మాన్‌పో-కే' అన్న పేరుతో అమ్మకానికి తెచ్చారు. ఆ మాటకు అర్థమే పదివేల అడుగుల మీటరు! నడక కొత్తవారికి తొలివారం రోజుకు పదిహేను నిమిషాలు చాలు. వారానికి అయిదు నిమిషాలు కలుపుకుంటూ పొండి. సమయం, వేగం, ఎత్తు ఈ మూడింటిలో ఒకసారికి ఒక్కదానినే పెంచండి. నాలుగవ వారం ఏదీ పెంచవద్దు. పరుగు ఆలోచన, అరగంట చురుకైన నడక నెలరోజులు నొప్పి లేకుండా సాగిన తరువాతనే. అప్పుడు కూడా దినం విడిచి దినం.

తిరుమలకు నడిచి వెళ్లేవారికీ ఇదే మాట. అలిపిరి మెట్లు 3,550. ఏడాదంతా కుర్చీలో కూర్చున్న కాళ్లను ఒక్కరోజున, అదీ చెప్పులు లేకుండా, వాటి మీదికి తోలడం న్యాయం కాదు. మొక్కు తీర్చుకోండి, రెండు నెలల ముందు నుండి ఇంటిమెట్లు ఎక్కి దిగుతూ తీర్చుకోండి.

బెణుకు సంగతి వేరు. చీలమండ బెణకడానికి రోడ్డు గుంత సగం కారణమైతే, కాలు మడతపడే క్షణంలో కండరం వెంటనే స్పందించకపోవడం మిగతా సగం. దీనికి ఖర్చులేని సాధన ఉన్నది. గోడ పక్కన నిలబడి ఒంటికాలి మీద అరనిమిషం, ఆపై రెండవకాలి మీద. పళ్లు తోముకునేటప్పుడు చేస్తే ప్రత్యేకంగా సమయం కూడా అక్కరలేదు. తూలేవారు గోడను వదలవద్దు. వంటగట్టు పట్టుకుని మడమలు పైకెత్తి దించడం పదిహేనుసార్లు చేస్తే పిక్కలు గట్టిపడతాయి. బెణికిన వెంటనే కాలిని లాగించడం, గట్టిగా మర్దన చేయించడం తగదు. నాలుగు అడుగులు కూడా వేయలేకపోయినా, చీలమండ గుబ్బల వెనుక ఎముకను నొక్కితే నొప్పి ఉన్నా, పాదం వెలుపలి అంచున మధ్యలో నొక్కితే నొప్పి ఉన్నా ఎక్స్‌రే తీయించుకోవాలి.

బూట్లు సాయంత్రం కొనండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. పొడవైన వేలి ముందు బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. బూటు వేళ్ల దగ్గర వంగాలి గానీ నడుమ వంగరాదు. ధరకూ, మేలుకూ సంబంధం తక్కువ. హవాయి చెప్పులతో మాత్రం వేగంగా నడవకండి. అవి జారిపోకుండా వేళ్లతో పట్టుకునే శ్రమ అంతా అరికాలి మీదనే పడుతుంది. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో ముల్లు గుచ్చినట్లుంటే, అరికాలి పట్టీ అలసినదని గ్రహించి దూరం తగ్గించండి.

మరొక్క హెచ్చరిక. జ్వరానికో, విరేచనాలకో మందుల షాపులో అడిగి సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ వంటి మాత్రలు వాడే అలవాటు మనవారికి ఉన్నది. వీటివల్ల మడమ వెనుక టెండన్ వాచడం, అరుదుగా తెగడం జరుగుతుంది. అరవై దాటినవారికీ, స్టిరాయిడ్లు వాడుతున్నవారికీ ప్రమాదం మరింత. ఆ మందులు వాడుతుండగా మడమ వెనుక నొప్పి వస్తే వ్యాయామం ఆపి, వైద్యునికి చెప్పండి.

ఇంతవరకు చెప్పినదంతా నొప్పి తెలిసే పాదాల గురించి. మధుమేహం పాతబడినవారిలో చాలామందికి ఆ స్పర్శ తగ్గి ఉంటుంది. వెల్లూరులో కుష్ఠురోగులకు చికిత్స చేసిన డాక్టర్ పాల్ బ్రాండ్, వారి పాదాలు పాడవడానికి ముఖ్యకారణం నొప్పి తెలియకపోవడమేనని చాటిచెప్పారు. మధుమేహుల పాదాలకూ అది వర్తిస్తుంది. టీవీలో ఎవరు చెప్పినా సరే, మీరు వట్టికాళ్లతో పచ్చికలో నడవకండి. బూటు తొడిగేముందు లోపల చేయిపెట్టి తడమండి, రాయి ఉన్నా మీ కాలికి తెలియదు. నడిచి వచ్చాక అరికాళ్లు అద్దంలో చూసుకోండి, వంగలేకపోతే ఇంట్లోవారిని చూడమనండి. ఒక పాదం ఎర్రబడి, వాచి, రెండవదానికంటే వేడిగా తగిలితే ఆ రోజే నడక ఆపి వైద్యునికి చూపించండి. నొప్పి లేదు కదా అని ఆలస్యం చేయకండి.