ముద్దాయి

మా అమ్మాయికి జాతీయ లా యూనివర్సిటీలో సీటొచ్చింది. రెండు గంటల్లో 120 ప్రశ్నలు, అంతా ఇంగ్లీషే. ఆ పరీక్ష నెగ్గడం అటుంచి, మా ఖాందాన్‌లో రాసినవాళ్లే లేరు. ఇల్లంతా సంబరం. సాయంత్రం ఫీజు కాగితం చూశాం. హాస్టలుతో కలిపి ఏడాదికి మూడు లక్షల పైన. అయిదేళ్లకు పదహారు లక్షలు. సంబరం చల్లారింది.

మాది నడిమి బతుకు. తెలంగాణలో ఫీజు రీయింబర్సుమెంటుకు పట్టణాల్లో గీసిన ఆదాయం గీత ఏడాదికి 2 లక్షలు. పేపరాఫీసు జీతం ఆ గీత దాటుతుంది. ఫీజు దాకా మాత్రం పోదు. తగ్గింపు అడిగితే పూర్తి ఫీజు కట్టాల్సిందేనన్నారు. బీదవాళ్లమని రాసుకోలేం, ఉన్నవాళ్లమని చెప్పుకోలేం. సెక్యులర్ మిత్రులు మమ్మల్ని తరచూ అడుగుతుంటారు, మీవాళ్లు ఆడపిల్లల్ని చదివించరేమని. ఈసారి అడిగితే ఈ కాగితం చూపిస్తాం.

బ్యాంకుకు పోయాం. అప్పు ఏడున్నర లక్షలు దాటితే ఆస్తి తాకట్టు పెట్టాలన్నారు. ఇంటికొచ్చి చెబితే అమ్మీ దస్తర్‌ఖాన్ దగ్గరే చెయ్యి ఆపింది. "సూద్ కా పైసా నక్కో బేటా" అంది. వడ్డీ తినడమే కాదు, కట్టడమూ ఆమెకు హరామే. మేము అంత నిష్ఠ గలవాళ్లం కాదు. స్కూటరు వాయిదాల మీదే కొన్నాం. మా భయం వేరు. పదహారు లక్షల అప్పుతో బయటికొచ్చిన పిల్ల జిల్లా కోర్టు మెట్లు ఎక్కుతుందా? పెద్ద కంపెనీల ఒప్పందాలు రాసే ఆఫీసుకే పోవాల్సొస్తుంది. చదువు మొదలవకముందే అప్పు ఆమె దారి తేల్చేస్తుంది.

మా ఆవిడ ఇంకో లెక్క చెప్పింది. లాసెట్ రాస్తే ఉస్మానియాలో తక్కువ ఖర్చుతో చదవొచ్చు. ఫాతిమా బీవి తిరువనంతపురం ప్రభుత్వ లా కాలేజీలో చదివి, 1950లో వకీలై, 1989లో సుప్రీంకోర్టు తొలి మహిళా జడ్జి కాలేదా? "ఆమె ఏ లక్షలు పోసింది?" అని అడిగింది. దానికి మా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. మాకు తెలిసిన మంచి వకీళ్లలో చాలామంది ఆ దారిన వచ్చినవాళ్లే.

అయినా మనసొప్పలేదు. దానికి కారణం పాత సంగతొకటి.

2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. ఆ తర్వాత పోలీసులు మా కుర్రాళ్లను ఎత్తుకెళ్లారు. వాళ్లలో చాలామందిని కోర్టులు నిర్దోషులని వదిలేశాయి. అప్పుడు మేము కొత్త విలేకరులం. కోర్టు వరండాలో ఒక తల్లి బుర్ఖా కొంగులోంచి మడతలు పడ్డ కాగితం తీసి, "ఇందులో ఏముంది, చదువు బాబూ" అంది. కాగితం ఇంగ్లీషులో ఉంది. మేము తెలుగు మీడియం బీఏలం. అక్షరాలు చదివాం. జామీను ఇచ్చారో లేదో మాత్రం చెప్పలేకపోయాం. ఆమె కాగితం మళ్లీ మడిచి పెట్టుకుంది. రాజ్యాంగం 348వ అధికరణం హైకోర్టులకూ సుప్రీంకోర్టుకూ ఇంగ్లీషే పెట్టింది. ఆ ఇంగ్లీషు మాకు అందలేదు.

ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు, న్యాయం అడిగేవాడు. అదే మాట తెలుగులోకొచ్చి ముద్దాయి అయింది, నేరం మోసేవాడైంది. వకీలు, వకాల్తా, జామీను, దావా, దస్తావేజు... కోర్టు నిండా మా మాటలే. మావాళ్లు మాత్రం, మేము పోయినప్పుడల్లా, బోను వైపే ఎక్కువ కనపడ్డారు, నల్లకోట్ల వైపు తక్కువ.

ఊరి బయట రెండు వందల గజాల జాగా ఉంది. అబ్బా బతికుండగా పిల్ల పెళ్లికని కొని పెట్టారు. అదమ్ముదామన్నాం. ఖాలా లేచింది. "రేపు పెళ్లికేం పెడతారు?" అంది. జోడేకీ రఖం, జహేజ్, రెండు పూటల దావత్... ఆ ఖర్చు ఎప్పటికి తిరిగొస్తుందని మాలో ఎవరూ లెక్క కట్టరు. చదువుకనేసరికి అందరూ కాగితం, పెన్నూ పట్టుకుంటారు. మేమూ పట్టుకున్నాం, ఒప్పుకుంటున్నాం.

చివరికి తేల్చింది అమ్మీయే. "పిల్ల కోసం కొన్నది పిల్లకే పోతుంది. వడ్డీ లేదు, భారం లేదు" అంది. బయానా తీసుకున్నాం. చదువయ్యాక ఏ కోర్టుకు పోవాలో, ఏ ఆఫీసుకు పోవాలో ఆమె ఇష్టం. మేము ఏ షరతూ పెట్టలేదు. ఆశ మాత్రం ఉంది. ఆశకూడా ఒకరకం అప్పేనేమో, జాగ్రత్తగా ఉండాలి.

అమ్మాయి తమ్ముడు పదో తరగతి. ఆ రాత్రి పక్కన కూర్చుని, "మరి నాకేం అమ్ముతారు అబ్బా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆ ఫిర్యాదులో ముద్దాయిలం మేమే. జవాబు ఇంకా దొరకలేదు.