హ్యాండిల్ మీద నీలం లైటు

ఆర్.వి.నగర్ దాటి సీలేరు వైపు వెళ్తున్నాను. నవంబరు నెల, సాయంత్రం నాలుగున్నర. బండి హ్యాండిల్ మీదున్న జీపీఎస్‌లో బాణం గుర్తు కదలడం మానేసింది. కింద ఒకటే ముక్క: శాటిలైట్ల కోసం వెతుకుతోంది.

అంతకుముందు లంబసింగి ఘాట్‌లోనూ రెండుసార్లు ఇలాగే చేసింది. అక్కడ ఉన్నది ఒకటే రోడ్డు కాబట్టి పట్టించుకోలేదు. ఇక్కడ రోడ్డు రెండుగా చీలింది. మైలురాయి లేదు, అడుగుదామంటే మనిషి లేడు. సీలేరు పవర్‌హౌస్ క్వార్టర్స్‌లో మా చిన్నాన్నగారబ్బాయి ఉంటాడు, ఆరింటికల్లా వస్తానని మాటిచ్చాను. ఒక దారిలో తారు పాతబడి గుంతలు పడింది, రెండోది నల్లగా నిగనిగలాడుతోంది. పెద్ద రోడ్డే బాగుంటుందనుకుని నల్లదాన్ని పట్టుకున్నాను. ఆ నల్లది గూడేలకు కొత్తగా వేసిన రోడ్డు అని తర్వాత తెలిసింది.

మూడు కిలోమీటర్లకు తారు అయిపోయింది. అక్కడే వెనక్కి తిరగాల్సింది. తిరగలేదు. ఇంకాస్త పోతే కలుస్తుందిలే అనే పాడు బుద్ధి ఒకటుంది నాకు, కారు నడిపినా అంతే. రెండు పక్కలా కాఫీ తోటలు, వాటికి నీడగా సిల్వర్ ఓక్ చెట్లు, ఆ చెట్లకు పాకిన మిరియాల తీగలు. ముందురోజు వాన పడ్డట్టుంది, ఎర్రమట్టి జిగురుగా ఉంది. ఒక దిగుడులో ముందు చక్రం జారింది. బండి ఎడంపక్కకు పడి ఉంటే ఏమీ అయ్యేది కాదు. కుడిపక్కకు పడింది, నా పిక్క సైలెన్సర్ కింద ఇరుక్కుంది.

ప్యాంటు గుడ్డ కాలి చర్మానికి అంటుకుపోవడం నాకు వాసన వల్ల తెలిసింది, నొప్పి తర్వాత వచ్చింది. బురదలో కాలు లాక్కోవడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. తాగే నీళ్ల సీసా మొత్తం ఆ కాలి మీదే పోశాను. రెండొందల కేజీల బండిని ఒక్కణ్ణీ లేపడం మూడోసారికి కుదిరింది. అప్పటికి చీకటి పడింది. అరిచాను కూడా. తోటలో ఎక్కడో కుక్క బదులిచ్చింది, అంతే.

ఫోను తీశాను. టవర్ సిగ్నల్ ఎప్పుడో పోయింది, మ్యాపు ముందుగా దించుకోలేదు. జీపీఎస్ ఉందిగా అన్న ధీమా. తెల్లటి ఖాళీ గళ్ల మీద ఒక చుక్క కనిపించింది. నాలుగడుగులు కుంటుకుంటూ నడిచి చూశాను, కాసేపటికి చుక్క కూడా జరిగింది. అంటే ఫోనుకు ఉపగ్రహాలు దొరుకుతున్నాయి. అవే చెట్లు, అదే కొండ. మరి హ్యాండిల్ మీది జీపీఎస్‌కేం రోగం?

అంతవరకు చెట్లనే తిట్టుకున్నాను. నిజానికి తడి ఆకులు సిగ్నల్‌ను కొంత తినేస్తాయి, అబద్ధం కాదు. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తు నుంచి వచ్చే రేడియో తరంగం అది, నేలకు చేరేసరికి ఊపిరంత మిగులుతుంది. చోటు తేలాలంటే కనీసం నాలుగు ఉపగ్రహాలు వినబడాలి. ఒక్కోదాని కక్ష్య వివరాలు పూర్తిగా అందాలంటే అది దాదాపు ముప్పై సెకన్లు తెగకుండా వినబడాలి. మధ్యలో తెగిందా, మళ్లీ మొదటికి.

ఇంజను ఆపి కూర్చున్నాను. జీపీఎస్‌కు సొంత బ్యాటరీ ఉంది, అది వెలుగుతూనే ఉంది. రెండు నిమిషాలకు సిగ్నల్ గీతలు లేచాయి, బాణం వచ్చింది! ఆనందంగా స్టార్ట్ చేశాను. పోయింది. మళ్లీ ఆపాను, వచ్చింది. ఇంజను అదురుకు లోపల ఏదో వదులైందనుకున్నాను. మూడోసారి దారి చూద్దామని ఇంజను ఆపి తాళం మాత్రం ఆన్‌లో ఉంచి హెడ్‌లైటు వేశాను. ఐదు నిమిషాలైనా ఒక్క గీత లేదు. ఇంజను తిరగట్లేదు కదా, అదురెక్కడిది? తాళం తిప్పి ఆపేశాను, గీతలు వచ్చాయి.

కరెంటు తగిలినప్పుడే దీనికి చెవుడు వస్తోందన్నమాట. మళ్లీ తాళం ఆన్ చేసి, ఫాగ్ లైట్లు ఆపి చూశాను, మార్పు లేదు. ఛార్జింగ్ కేబుల్ పీకాను, లేదు. ఇక చేసేదేమీ లేదనుకుని తల వాల్చినప్పుడు జీపీఎస్‌కు నాలుగు వేళ్ల దూరంలో నీలం లైటు కనిపించింది. సెప్టెంబరులో నేనే కొని నేనే బిగించిన రెండొందల యాభై రూపాయల యూఎస్‌బీ ఛార్జరు. కేబుల్ పీకినా అది ఆగదు, దానికి స్విచ్ లేదు. వైరు తిన్నగా హెడ్‌లైటు లైనుకు మెలిపెట్టి టేపు చుట్టాను. అంతకుముందు రెండేళ్లు ఈ జీపీఎస్ ఒక్క రోజు మొండికేయలేదు. సెప్టెంబరు తర్వాత మారింది ఇదొక్కటే.

తాళం తీసేసి, గోళ్ల కత్తెరతో ఒక్కో వైరూ విడిగా కొరికాను. మళ్లీ తాళం పెట్టి తిప్పాను. ఇంజను స్టార్ట్ చేశాను. వాచీ చూస్తూ నిలబడ్డాను. ముప్పై, ముప్పై ఐదు, నలభై. బాణం వచ్చింది, ఉండిపోయింది. ఏడ్చానని చెప్పడానికి సిగ్గేం లేదు.

అయినా నేనున్న బాట ఆ మ్యాపులో లేదు. పచ్చటి ఖాళీలో బాణం, దూరంగా పసుప్పచ్చ గీతగా సీలేరు రోడ్డు. నా చక్రాల జాడ చూసుకుంటూ మొదటి గేరులో వెనక్కి నడిపాను. గీతకూ బాణానికీ మధ్య ఎడం తగ్గుతుంటే కాలి మంట కూడా తగ్గినట్టుండేది. సీలేరు చేరేసరికి పది దాటింది.

తమ్ముడు గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. "ఆరింటికన్నావు కదన్నయ్యా, ఇంకాసేపైతే జీపులో వెతకడానికి బయల్దేరేవాళ్లం" అన్నాడు. తర్వాత టార్చి నా కాలి మీద పడింది, ఇంకేం అనలేదు.

ఊరికొచ్చాక మా మెకానిక్ ఆ ఛార్జరుకు బ్యాటరీ తగిలించి పక్కన ట్రాన్సిస్టర్ రేడియో పెట్టాడు. పాట మాయమై బరబరమని గోల. "12 వోల్టుల్ని సెకనుకు లక్షల సార్లు తెగ్గొట్టి 5 వోల్టులు చేస్తది అన్నా. ఆ గోల బయటికి రాకుండా లోపల కాయిలూ, కెపాసిటరూ సరైనవి ఉండాలి. రేటు తగ్గించడానికి అవే మానేస్తారు" అన్నాడు. కొత్తది రేకు డబ్బాలో ఉన్నది తెచ్చి, వైరుకు ఫెర్రైట్ పూస తొడిగి, సీటు కింద బిగించాడు. పాతది కావాలా అని అడిగితే ఇవ్వమన్నాను. టేబుల్ సొరుగులో ఉంది. పిక్క మీద మచ్చ అరచేతంత ఉంది, చలికాలంలో దురద పెడుతుంది.