మూడు తరముల ఊపిరి

విద్యలలో గ్రంథమునందు నిలుచు విద్య యొకటి, మనుష్యుని యందు నిలుచు విద్య మఱియొకటి. మొదటిదానిని బీరువాలో భద్రపఱుపవచ్చును. రెండవది శిష్యుడు లభింపనియెడల గురువుతోడనే అంతరించును. ఇరువదియేండ్లకు పైగా పాఠములు చెప్పుచున్న నాకు ఈ భేదమును చక్కగా బోధించినది టర్కీ దేశపు వేణువాదకులగు కుద్సీ ఎర్గునర్ గారి చరిత్రము.

వారి వాద్యమునకు 'నేయ్' అని పేరు. మన పిల్లనగ్రోవి వెదురుతో చేయబడును. దానిని పెదవుల కడ్డముగా పట్టుదుము. నేయ్ రెల్లుజాతి గడతో చేయబడును. తొమ్మిది గనుపుల గడనెన్నుకొని, ముందువైపున ఆఱు, వెనుక బొటనవ్రేలి కొకటి, మొత్తము 7 రంధ్రములు పెట్టుదురు. పైకొనకు గేదెకొమ్ముతో తీర్చిన మూతిని తొడిగి, దానిని పెదవుల ప్రక్కగా వాల్చి ఊదుదురు. ఊపిరి ఆ యంచునకు సరిగా తాకిననే నాదము పుట్టును. లేనిచో వట్టి గాలియే వినబడును. క్రొత్తవానికి మొదటి స్వరము పలుకుటకే వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు పట్టును. పెదవినెట్లు మలచవలెనో అక్షరములలో చెప్పుట దుర్లభము. గురువునెదుట కూర్చుండి, విని, చూచి, మరల మరల ఊది నేర్వవలసినదే. ఈ పద్ధతిని వారు 'మెష్క్' అందురు.

జలాలుద్దీన్ రూమీ (1207–1273) అను మహాకవి తన 'మస్నవీ' కావ్యమును నేయ్ విలాపముతో ఆరంభించెను. పుట్టినచోటినుండి కోయబడిన రెల్లు తన తావునకై పరితపించుటయే అందలి భావము. ఆయన సమాధి కొన్యా నగరమున నున్నది. ఆయన మార్గము ననుసరించు మెవ్లెవీ సూఫీలు తమ మఠములలో శతాబ్దములపాటు ఈ వాద్యమును నేర్పుచు వచ్చిరి. 1925వ సంవత్సరమున టర్కీ ప్రభుత్వము శాసనముచేసి సూఫీ మఠముల నన్నిటిని మూయించెను. 1934లో ప్రాచీన సంగీతమును రేడియోనుండియు తొలగించిరి. ఆ నిషేధము దాదాపు రెండేండ్లు సాగెను. గురువులు జీవించియుండిరి గాని వారు నేర్పుటకు చోటు లేకపోయెను.

అట్టి కాలమున ఈ విద్యను నిలిపినవి కొందఱి యిండ్లు. మఠములు మూతపడునాటికి కుద్సీ గారి తాతయగు సులేమాన్ ఎర్గునర్ (1902–1953) 23 ఏండ్ల యువకుడు; ఆయన కుమారుడు ఉల్వీ (1924–1974) ఏడాది పసివాడు. మఠమున జరుగవలసిన శిక్షణ ఇంటనే జరిగెను. ఉల్వీ తండ్రివద్ద నేర్చి గొప్ప వాదకుడయ్యెను. 1952లో దియార్‌బకిర్ పట్టణమున జన్మించిన కుద్సీ గారు ఆ ఉల్వీవద్దనే నేర్చిరి. తాతపేరు పెట్టబడిన తమ్ముడును నేయ్ వాదకుడే.

కుద్సీ గారు 1970వ దశకమున పారిస్ నగరమునకు పోయి వాస్తుశాస్త్రమును, సంగీతశాస్త్రమును చదివిరి. వారికి 22 ఏండ్లు వచ్చునాటికి తండ్రి గతించెను. అయినను ఆయన యొసగిన విద్య కుమారుని యొద్ద నిలిచెను. 1981లో వారు పారిస్‌లోనే రూమీపేర నొక సంస్థను స్థాపించి శిష్యులకు నేర్పసాగిరి. 1985లో ఫ్రాన్సు దేశపు ఆవిన్యోన్‌లో పీటర్ బ్రూక్ మన మహాభారతమును తొమ్మిది గంటల నాటకముగా ప్రదర్శించినపుడు వాద్యకారులలో కుద్సీ గారును ఉండిరి. మన కురుపాండవుల కథకు టర్కీ రెల్లు తోడుపలికినదన్నమాట!

1950వ దశకమునుండి సూఫీ నృత్యారాధనను బహిరంగముగా ప్రదర్శింపనిచ్చిరి. 2008లో యునెస్కోవారు దానిని మానవజాతి వారసత్వములలో చేర్చిరి. కాని యాత్రికులకొఱకు పెక్కుచోట్ల దానిని కుదించి, సులభపఱచి చూపుచున్నారని ఆ సంస్థవారే పేర్కొనిరి. తలుపులు తెఱచినంతమాత్రమున విద్య తిరిగి వచ్చునని చెప్పలేము. మూసియున్న దినములలో దానిని ఎవరైనను శ్రమించి కాపాడియుండవలెను.

ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాకు పాఠపథకము వ్రాయుట, నల్లబల్లను వాడుట, ప్రశ్నలడుగుట నేర్పిరి. ఆ మేలు నేను మఱువను. కాని పద్యమును ఎచ్చట విఱిచి చదువవలెనో, ఎచ్చట గొంతు తగ్గింపవలెనో నాకు తెలిసినది నా బాల్యమున మాకు తెలుగు చెప్పిన వృద్ధ పండితులవలననే. వారు చదువుచుండగా వినుటయే మా పాఠము. ఆ చదువు ఏ పుస్తకమునను లేదు. నేడు ఏ పద్యమైనను, ఏ పాటయైనను క్షణములో యంత్రముమీద వినవచ్చును. అది గొప్ప సౌకర్యమే. అయితే ఆ యంత్రము మన తప్పును విని, "ఇట్లు కాదు, మరల చదువుము" అని చెప్పదు. ఏటేట పై తరగతి విద్యార్థులు మార్కుల పత్రములు గైకొని వెడలుచుండగా, నా గురువువద్ద విన్నదానిలో వీరికెంత అందినదా యని నన్ను నేను ప్రశ్నించుకొనుచుందును.

ప్రియ విద్యార్థులారా, వేసవి సెలవులు సమీపించుచున్నవి. మీ యిండ్లలో చాప యల్లుట యెఱిగిన అవ్వలు, నేతపని యెఱిగిన తాతలు, పాతపాటలు వచ్చిన మేనత్తలు ఉందురు. ఒక గంట వారి సరసన కూర్చుండి ఒక్కటి నేర్చుకొనుడు. తలిదండ్రులారా, మీకు వచ్చిన పని చిన్నదని మీ బిడ్డలకు చూపక దాచకుడు. బడి తెఱచిన దినమున ఎవరేమి నేర్చి వచ్చిరో తరగతిలో నేనడిగెదను.