ఫొటోలూ అమానతే

మా పటాన్‌చెరులో ఇప్పుడు నికాహ్ అయిన వారానికల్లా డ్రైవ్ లింక్ ఒకటి వస్తుంది. 'లింక్ ఉన్న ఎవరైనా చూడొచ్చు' అని పెట్టేస్తారు. అది వాట్సాప్‌లో సంగారెడ్డి ఖాలాకీ, జెద్దా మామూకీ, వాళ్ల దోస్తులకీ చేరుతుంది. ఆ తర్వాత ఎవరి చేతిలో ఉందో అల్లాకే ఎరుక.

పర్దా పాటించే ఆపాల ఫొటోలూ అందులోనే ఉంటాయి. 2021 జూలైలో 'సుల్లీ డీల్స్', 2022 జనవరి 1న 'బుల్లీ బాయి'. ముస్లిం ఆడవాళ్ల ఫొటోలు నెట్ నుంచి ఎత్తుకొచ్చి వేలం పెట్టారు. ఆ ఖబర్ విన్నాక అమ్మీ అడిగింది: "మన ఫొటోలు ఎక్కడెక్కడున్నయ్ బేటా?"

అందుకే పాత డెస్క్‌టాప్‌లో లినక్స్, నెక్స్ట్‌క్లౌడ్ వేశాం. రెండూ ముఫ్త్. లింక్‌కి పాస్‌వర్డ్, గడువు తేదీ పెట్టొచ్చు. బయటి నుంచి తెరవాలంటే నెట్ ఇచ్చేవాళ్లను స్టాటిక్ ఐపీ అడగాల్సి రావచ్చు. అంత తక్లీఫ్ వద్దనుకుంటే సింక్‌థింగ్ ఉంది. ఒక ఫోన్ నుంచి ఇంకో మెషీన్‌కి ఫైళ్లు చేరతాయి, మధ్యలో ఏ క్లౌడ్‌లోనూ కాపీ మిగలదు.

జిమ్మేదారీ కూడా మనదే. డిస్క్ పోతే అడగడానికి ఎవరూ ఉండరు. అందుకే ఇంకో కాపీ ఖాలా బీరువాలో ఉంది. చూసినవాళ్లు స్క్రీన్‌షాట్ తీస్తే మాత్రం ఈ సాఫ్ట్‌వేర్లు ఆపలేవు. అక్కడ భరోసా మనుషుల మీదే.

ప్రైవసీ ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టులో 9 మంది జడ్జీలు 2017 ఆగస్టు 24న చెప్పారు. ఆ హక్‌ని ఇంట్లో నిలబెట్టేది మనమే. ఈసారి ఫొటోగ్రాఫర్‌కి బయానా ఇచ్చేటప్పుడే చెప్పండి: పెన్‌డ్రైవ్ చాలు, లింక్ వద్దు.